లిస్టు మామ

తొర్రూరు బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో పొద్దున ఏడింటికల్లా ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. అసలు పేరు పట్టాదారు పాసుపుస్తకంలో ఉంది. ఊరందరికీ మాత్రం లిస్టు మామ.

పీఎం కిసాన్ వెబ్‌సైటులో జిల్లా, మండలం, ఊరు నొక్కితే డబ్బులందుకునే రైతుల పేర్లు వరుసగా వస్తాయని తెలిసిననాడే ఆయన పేపరు చదవడం మానేశాడు. మూడు విడతల్లో ఏడాదికి 6 వేలు. “ఇన్‌కంటాక్సు కట్టెటోళ్లకు రావద్దు గద. మరి ఎరువుల దుకాణపాయన పేరెట్లున్నది?” అంటాడు. దుకాణపాయన పక్క బెంచీ మీదే ఉంటాడు.

ఆయన విద్యకు అసలు పరీక్ష రైతుబంధు. 2018 మేలో ఎకరానికి 4 వేల చొప్పున చెక్కులిచ్చినప్పుడు పని తేలిక, ముందున్నవాడి భుజం మీదుగా తొంగిచూస్తే సరిపోయేది. తర్వాత పైసలు నేరుగా బ్యాంకులో పడ్డాయి, మరుసటి ఏడాది 5 వేలయ్యాయి, తొంగిచూడటానికి కాగితమే లేదాయె. మామ ఓడిపోలేదు. సొమ్ము ఎకరాల వరుసన పడుతుంది కదా, ముందు ఎకరంలోపు వాళ్లకు, ఆ తర్వాత రెండెకరాల వాళ్లకు, అట్లా. “ఏం బిడ్డా, మెసేజ్ ఎప్పుడొచ్చింది?” అని మంచీచెడూ అడిగినట్టే అడుగుతాడు. “మొన్న మాపటికి” అన్నామా, సర్వేయరు అక్కర్లేకుండా మన భూమి కొలత అయిపోయినట్టే. ఐదెకరాలని చెప్పుకున్న ఒక పెళ్లికొడుకుకు మూడే ఉన్నాయని పెళ్లిచూపులనాడు తేల్చింది ఈయనే.

ఇదంతా కడుపుమంట అనేవాళ్లున్నారు. నేను అనను. సబ్సిడీల సొమ్మెంతో, ఎవరికి అందిందో ఆఫీసులు తమంతట తామే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం 4(1)(బి)లోనే ఉంది. ఉపాధి హామీ తనిఖీల్లో కూలీల పేర్లూ పనిదినాలూ గోడల మీద రాయించారు. “కూలోని పైసలు గోడకెక్కినయి. రైతుబంధుకు ఇన్ని ఎకరాలకే అనే లెక్కే లేకపాయె, యాభై ఎకరాలాయన లక్షలెందుకు ఎక్కలే?” అని మామ అడిగితే చాయ్ పోసేవాడి చేయి కూడా ఆగుతుంది.

2025 జనవరిలో, రైతుబంధు స్థానంలో రైతు భరోసా మొదలయ్యే వారంలో, ఊరూరా గ్రామసభలు పెట్టారు. సాగులో లేని భూముల జాబితా చదువుతారని విని మామ ముందు వరుసలో కుర్చీ వేయించుకున్నాడు. గుట్టలు, రోడ్లలో పోయిన భూములు, ప్లాట్లు. “గట్టిగ చదువున్రి సారూ, వెనకోళ్లకు ఇనబడాలె.”

సారు గట్టిగానే చదివాడు. వరంగల్–ఖమ్మం రోడ్డు పక్కన ఎకరంనర, హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేసినది, పట్టాదారు మన మామ. అందులో ఆరేళ్లుగా రాళ్లు తప్ప మొలిచింది లేదు. రైతుబంధు మాత్రం ఇచ్చినన్నాళ్లూ సీజను తప్పలేదు.

మామ లేచాడు. “ఇంటి ముచ్చట్లు బజార్ల చదువుతరా? ఇదేం పద్ధతి?”

వెనక నుంచి ఎవరో “ఇనబడ్డది మామా” అన్నారు.

మామకున్న మిగతా నాలుగెకరాలనూ కౌలుకు దున్నే మనిషి తలుపు దగ్గర నిలబడి జాబితా చివరిదాకా విన్నాడు. అతని పేరు అందులో లేదు, వచ్చేవాళ్ల జాబితాలోనూ లేదు. సీజనుకు ఎకరానికి 6 వేలు పట్టాదారు ఖాతాలోనే పడతాయి.