ఫోను మోగనివ్వండి

మిరప కోతలు మొదలయ్యే వేళకు గుంటూరు నుంచి ఒంగోలు దాకా ఏ రైతు జేబులో చూసినా ఫోను మోగుతూనే ఉంటుంది. మోగిన ప్రతిసారీ పాపం చేతులు తుడుచుకుని 'హలో' అంటాడు. అవతల పర్సనల్ లోను మంజూరైందని ఓ అమ్మాయి. లేకపోతే అమరావతి దగ్గర ప్లాట్లు. అదీ కాకపోతే రికార్డు చేసిన గొంతు: మీ సిమ్ రెండు గంటల్లో ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి. రైతు తిట్టి పెట్టేస్తాడు. ఈ పీడ ఎప్పుడు వదులుతుందో అంటాడు.

వదలకూడదు. ఈ కాల్స్ మనకు పెట్టుబడి లేని పంట. అవి వస్తున్నంతకాలం మీరు ఎవరి ఫోనూ ఎత్తక్కర్లేదు. ఎందుకెత్తలేదని నిలదీసే ధైర్యం ఎవరికీ ఉండదు. 'ఏ లోనువాళ్లదో అనుకున్నా బావా' అన్న ఒక్క మాటకు ఈ జిల్లాల్లో ఎదురు లేదు. మా నాన్నగారి రోజుల్లో ఈ సుఖం ఎక్కడిది? అప్పుడన్నీ పీపీ నంబర్లు. పక్కింటివాళ్లు గోడ మీంచి కేకేస్తే, అవతల ఉన్నది అల్లుడైనా అప్పులవాడైనా, వెళ్లి మాట్లాడి తీరాల్సిందే. మనకు దొరికిన ఈ అదృష్టాన్ని నిలబెట్టుకునే పద్ధతులు చెబుతాను. అన్నీ నేను పాటిస్తున్నవే.

1. 1909 జోలికి పోకండి.

ఆ నంబరుకు ఫోన్ చేసినా, 'స్టార్ట్ 0' అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టినా, అమ్మకాల కాల్స్ వద్దని మీ పేరు నమోదైపోతుంది. కాల్స్ తగ్గిపోతే మీ సాకు సన్నబడుతుంది. చదువుకున్న మేనల్లుడెవడైనా మీ సెల్లులో ఇప్పటికే డీఎన్‌డీ పెట్టి ఉంటే, బతిమాలైనా తీయించండి. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు మార్చింది. కాల్ వచ్చిన మూడు రోజుల్లోపు చేయాల్సిన ఫిర్యాదుకు ఇప్పుడు ఏడు రోజుల గడువు ఇచ్చింది. నమోదు కాకుండా కాల్స్ చేసేవాడి మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య తీసుకోవాలంది. అంటే మీరు, మీ ఎదురింటాయన, ఇంకో ముగ్గురు పూనుకుంటే ఒకడి నోరు మూతపడుతుంది. అంత పని చేయకండి. ఎనిమిదో రోజు దాకా ఓపిక పట్టి, ఆ తర్వాత అరుగు మీద కూర్చుని గట్టిగా తిట్టండి.

2. నంబరు మొదట్లో ఏముందో చూడకండి.

140తో మొదలైతే అమ్మకం కాల్. 1600తో మొదలైతే బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు పని మీద చేసే కాల్. జనం తేలిగ్గా గుర్తుపట్టాలని ఈ ఏర్పాటు చేశారు. గుర్తుపడితే ఎత్తాల్సి వస్తుంది కాబట్టి రెండింటినీ ఒకే గాటన కట్టేయండి. పంట రుణం గడువు దగ్గరపడిందని బ్యాంకు చెప్పబోతుంది. 3 లక్షల దాకా రుణం సకాలంలో కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతం వడ్డీయే పడుతుంది. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. పోనివ్వండి. రాయితీ పోయినవాడికి ఊళ్లో జాలి చూపేవాళ్లు ఎక్కువ. టీ కూడా వాళ్లే తాగిస్తారు.

రైతు సేవా కేంద్రం కుర్రాడి నంబరైతే అసలు సేవ్ చేసుకోకండి. ఈ-పంట నమోదులో మీ పేరు ఎక్కింది, వచ్చి వేలిముద్ర వేసి పొమ్మంటాడు. 2025 ఆగస్టు 2న దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి అన్నదాత సుఖీభవ పథకం మొదలుపెట్టారు. రాష్ట్రం 5,000, కేంద్రం 2,000, కలిపి 7,000 రైతుల ఖాతాల్లో పడ్డాయి. కాగితాలు సరిచూసుకోమని ఎవరు పిలిచినా పలకనివాడు ఆ రోజు హాయిగా నిద్రపోయాడు. నిద్ర లేచాక 'మాకెవరూ చెప్పలేదు' అన్నాడు. ఈ మాట బాగా అలవాటు చేసుకోండి. ఏడాదికి మూడుసార్లు పనికొస్తుంది.

3. మేస్త్రిని మూడుసార్లు మోగనివ్వండి.

కోతలకు కర్నూలు పడమటి ఊళ్ల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి ముఠాలు దిగుతాయి. మేస్త్రి నంబరు ఏటా మారుతుంది. కాబట్టి అతను మీకెప్పుడూ తెలియని నంబరే. తెల్లారుజామున ఐదింటికి చేస్తాడు, 'అన్నా, నలభై మందిమి వచ్చినాం, చిలకలూరిపేట అడ్డరోడ్డు కాడ దిగినాం, యాడికి రావాల' అని అడగడానికి. ఎత్తారా, ఇక మీ బతుకు బతుకు కాదు. ట్రాక్టరు పంపాలి. గుడిసెలకు చోటు చూపాలి. బియ్యం, కట్టెలు, మంచినీళ్లు చూడాలి. కాటా దగ్గర పొద్దుగూకేదాకా నిలబడి ఎవరు ఎన్ని కిలోలు కోశారో రాసుకోవాలి.

ఎత్తకండి. దుప్పటి ముసుగు తీయకుండానే ఫోను బోర్లా తిప్పండి. మూడుసార్లు చేసి, నాలుగోసారి పక్క చేను రైతుకు చేస్తాడు. అతను ఎత్తే రకం. ముఠా అతని చేలోకి పోతుంది. మీ కాయ చెట్టునే పండి, ఎండి, రాలుతుంది. కొంత తెల్లబడి తాలవుతుంది. తాలుకు రేటు లేదని దిగులుపడకండి. రేటు లేని కాయకు బేరం ఉండదు, బేరం లేకపోతే ఫోను ఉండదు.

4. మబ్బు పట్టిన రోజు ఫోను ఇంట్లో వదిలేయండి.

కాయలు కల్లంలో ఆరబోసి ఉన్నప్పుడు, మార్చిలో ఒక మధ్యాహ్నం పడమర నల్లబడుతుంది. పక్క కల్లం కుర్రాడు ఎవరి ఫోనో అడుక్కుని మీకు చేస్తాడు, 'మావా, పట్టలు కప్పు' అని. మీరు ఆ వేళ చిలకలూరిపేటలో టీ తాగుతుంటారు. పరిగెత్తి కప్పితే ఆరోగ్యం పాడు. తడిసిన కాయ రంగు మారుతుంది, బూజు పడుతుంది. అయినా తడిసింది మీ ఒక్కరిదే కాదు కదా! ఎత్తనివాళ్లు ఊళ్లో ఇంకో ఇద్దరుంటారు. వాళ్లతో స్నేహం చేయండి. కలిసి పంటనష్టం రాయించుకోవచ్చు, రాసేవాడు ఫోన్ చేసినప్పుడు ముగ్గురిలో ఎవరైనా ఎత్తితే.

5. యార్డు గుమాస్తాను నమ్మకండి, ఎత్తకండి.

మిగిలిన మిరప టిక్కీలు, అంటే బస్తాలు, ఎలాగూ గుంటూరు యార్డుకు చేరతాయి. వేసినవాడు లారీవాడు, దించినవాళ్లు హమాలీలు, మీకు శ్రమ లేదు. కష్టమంతా తెల్లారాక మొదలవుతుంది. కమీషన్ కొట్టు గుమాస్తా ఏదో ఒక నంబరు నుంచి చేసి, తేజా రకానికి ఇంత పాడారు, ఇచ్చేయమంటారా అని అడుగుతాడు. ఇవ్వమంటే రేపు పెరుగుతుందేమో. వద్దంటే రేపు తగ్గుతుందేమో. మనిషి గుండె తట్టుకోలేని ప్రశ్న ఇది. నేను దీని మీద చాలా ఆలోచించాను. జవాబు చెప్పకపోవడమే జవాబు.

2025 ఫిబ్రవరిలో ధర అడుగంటింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ రోజుల్లో మా గుమాస్తా ఒక్క పొద్దునే నాలుగుసార్లు చేసేవాడు. నేను నాలుగుసార్లూ ఫోను వంక చూసి ఊరుకున్నాను. కాయ కోల్డు స్టోరేజీకి వెళ్లింది. అక్కడ అద్దె లెక్క మొదలైంది. మే వచ్చింది, యార్డుకు వేసవి సెలవులిచ్చారు, ఫోను తనంతట తనే చల్లబడింది. అద్దె, వడ్డీ, కమీషను పోను నాకు వచ్చింది ఒక్క కాగితం. ఆ కాగితం మీద అంకెలు తక్కువ, చదవడం తేలిక.

6. పత్తికి అబ్బాయి నంబరు ఇవ్వండి.

2025 నుంచి కేంద్ర పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కాలి, స్లాటు తీసుకోవాలి. పొడుగు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర 8,110. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాటితే తీసుకోరు. ఇన్ని తలనొప్పులకు మందు ఒక్కటే: నమోదులో హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే అబ్బాయి నంబరు రాయించండి. ఓటీపీ వాడికి వెళ్తుంది. వాడు మీటింగులో ఉంటాడు. పైగా తెలియని మెసేజీలు తెరవకూడదని మీరే వాడికి నేర్పారు. స్లాటు దాటిపోతుంది. పత్తి ఇంట్లోనే ఉంటుంది, వసారా నిండా, మెత్తగా. దాని మీద పడుకుని చూడండి.

ఇల్లు ఇరుకైనప్పుడు కల్లం దగ్గరికే వచ్చి కొనే దళారి ఉన్నాడు. అతను ఫోన్ చేయడు, నేరుగా వస్తాడు, చెప్పిన రేటుకు తలూపితే చాలు.

7. మీ నంబరునే స్పామ్ చేయించండి.

దీన్ని నేనే కనిపెట్టాను, ఉచితంగా ఇస్తున్నాను. ట్రూకాలర్‌లో ఒక నంబరును ఎక్కువమంది చెడ్డదని గుర్తిస్తే అందరికీ ఎర్రగా కనిపిస్తుంది. ఎయిర్‌టెల్ అయితే 2024 సెప్టెంబరు నుంచి అనుమానం ఉన్న కాల్‌కు తనే హెచ్చరిక పెడుతోంది. బడి పిల్లలకు తలా ఒక సోడా ఇప్పించి మీ నంబరును స్పామ్ అని కొట్టించండి. ఆ తర్వాత మీరే అందరికీ ఫోన్ చేయండి. కౌలు డబ్బు ఇవ్వాల్సిన ఆసామికి రోజూ చేయండి. పురుగుమందుల కొట్టాయనకు రెండు పూటలా చేయండి. ఎర్ర రంగు చూసి ఎవరూ ఎత్తరు. ఎక్కడైనా ఎదురుపడితే ముందు మీరే కోప్పడాలి: 'పదిసార్లు చేశానండీ, మీరు ఎత్తితేగా!' బాకీ ఉన్నవాడు కోప్పడితే ఎదుటివాడు తడబడతాడు.

రాత్రి బోరు మోటారు కాలినప్పుడు మెకానిక్కు ఎత్తడు. లైన్‌మన్ ఎత్తడు. బావమరిది కూడా ఎత్తడు. మరీ మంచిది. తడి లేక పూత రాలితే తప్పు ముగ్గురికి పంచుతారు, మీ వాటాకు ఏమీ మిగలదు.

8. ఎత్తితే యూనిఫారం ఉన్నవాణ్నే ఎత్తండి.

తెలియని వాట్సాప్ వీడియో కాల్‌లో పోలీసు దుస్తుల్లో ఒకడు కనిపించి, మీ ఆధార్ మీద పార్శిల్ దొరికింది, డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటకూడదు అంటాడు. ఇంతకన్నా గట్టి సెలవు ఎవరిస్తారు! చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధాని చెప్పారు. మీ ఇంట్లోవాళ్లు ఆ రోజు రేడియో వినకపోతే చాలు. తలుపేసుకుని మంచమెక్కండి. అన్నం లోపలికే వస్తుంది. చేలో నీళ్లు కట్టే పని తమ్ముడి మీద పడుతుంది. సాయంత్రానికి అవతలివాడు ఖాతా నంబరు అడుగుతాడు. డబ్బు పోయినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయకండి. వెంటనే చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే వీలుంటుంది, ఆపారంటే స్టేషను చుట్టూ తిరగాలి. సోమవారం చూద్దాం అనుకోండి. అది ఏ వారమైనా సరే.

9. సాకులను కాలానికి తగ్గట్టు మార్చండి.

'సిగ్నల్ లేదు' పాతబడింది. 'చార్జింగ్ అయిపోయింది' రోజుకు ఒకసారే చెల్లుతుంది. ఈ నేల మీద నిక్కమైన సాకు 'మందు కొడుతున్నా, చేతులకు మందుంది'. నల్లి అనండి, తామర పురుగు అనండి, పత్తికైతే గులాబీ పురుగు అనండి. విన్నవాడు అయ్యో అంటాడు. మేలో మాత్రం వాడకండి, చేలో ఏమీ ఉండదని అందరికీ తెలుసు. మేలో పెళ్లిళ్లు. మేళాల్లో వినపడలేదనండి. వియ్యంకుడికి మాత్రం ఇది చెప్పకండి, ఆ పెళ్లిలో ఆయన మీ పక్కనే కూర్చుని ఉంటాడు.

10. ఇంటికే వచ్చేస్తే.

ఇన్ని చేశాక కొందరు ఫోను మానేసి మనుషులుగా వస్తారు. పొలం ఆసామి వస్తాడు, వచ్చే ఏడు కౌలు ఇంకొకరికి ఇచ్చానని చెప్పడానికి. కంగారు పడకండి. పొలం లేనివాడికి మేస్త్రి, గుమాస్తా, స్లాటు ఏదీ ఉండదు. ఇన్నాళ్లు మనం పాటుపడింది దానికే. గేటు చప్పుడు కాగానే ఫోను చెవికి ఆనించండి. 'హలో, వినపడుతోందా, చెప్పండి చెప్పండి' అంటూ వసారాలో అటూ ఇటూ తిరగండి. ఆయన వైపు చేయెత్తి, ఒక్క నిమిషం అన్నట్టు చూపించండి. ముందు సైలెంట్‌లో పెట్టుకోవడం మరవకండి, చెవి దగ్గర ఉండగా నిజంగా మోగితే పని చెడుతుంది. ఆయన అరుగు మీద కూర్చుంటే కూర్చోనివ్వండి. మంచినీళ్లు పిల్లలు తెచ్చిస్తారు. మీరు లోపల మాట్లాడుతూనే ఉండండి. దీపాలు పెట్టే వేళకు లేచి వెళ్లిపోతాడు.