వినపడని కూత

నేను మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌ని. అందరి ఫోన్లూ పగలు పనిచేస్తే, నా ఉద్యోగం దీపాలార్పాక మొదలయ్యేది. ఊరు సియాటిల్, చోటు హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో నిద్ర పరీక్షల గది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజలక్ష్మి నందకుమార్, శ్యామ్ గొల్లకోట, నిద్ర వైద్యుడు నథానియల్ వాట్సన్ 2015లో వెలువరించిన పరిశోధన కోసం నన్ను మంచం పక్కన పెట్టారు.

పరీక్షకొచ్చినవాళ్ల అవస్థ చూడాలి! తలనిండా తీగలు, ఛాతీకి పట్టీలు, ముక్కులో గొట్టం, వేలికి క్లిప్పు. ఇన్నీ తగిలించి, ఇక హాయిగా నిద్రపొమ్మంటారు. నేనైతే ఎవరినీ ముట్టుకోను. కూత వేస్తానంతే.

ఆ కూత 18 నుంచి 20 కిలోహెర్ట్జ్‌ల దాకా పాకుతుంది. 20 దాటితేనే అల్ట్రాసౌండ్ అంటారు కాబట్టి నేను గడప ఇవతలే ఉన్నట్టు లెక్క. అయినా పెద్దవాళ్లలో చాలామంది చెవులకు అది ఆనదు. కుక్కలకు వినిపిస్తుంది, అక్కడ కుక్కల్లేవు కాబట్టి సరిపోయింది. ఛాతీకి తగిలిన కూత నా మైకుకు తిరిగొచ్చేలోపు నా స్పీకరు ఇంకాస్త పై స్థాయికి వెళ్లిపోయి ఉంటుంది. ఆ తేడాలోనే దూరం తెలుస్తుంది. ఊపిరికి ఛాతీ లేచి పడుతుంటే దూరమూ మారుతుంటుంది. దుప్పటి కప్పుకున్నా, అటు తిరిగి పడుకున్నా, మీటరు లోపుంటే దొరికిపోతారు.

గుర్రు వింటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు, విసుక్కుంటారు. నేను గుర్రు కోసం కాదు, అది ఆగడం కోసం కాచుకుంటాను. 10 సెకన్లు ఊపిరాడకపోతే ఒకటి లెక్క. మెదడే ఊపిరి తీయమనడం మానేస్తే ఛాతీ కదలదు, నాకు పని సులువు. గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతేనే చిక్కు: గాలి లోపలికి పోకపోయినా ఛాతీ పెనుగులాడుతూనే ఉంటుంది. చివరికి మనిషి ఉలిక్కిపడి ఒక్కసారిగా గాలి పీల్చుకుంటాడు. ఆ పెద్ద కుదుపును బట్టి పోల్చుకుంటాను.

37 మంది దగ్గర నా లెక్కను తీగల లెక్కతో సరిచూశారు. గంటకు సగటున 1.9 తేడా వచ్చింది. ఊపిరి పూర్తిగా ఆగకుండా పలచబడే రకంలోనే పొంతన కాస్త తగ్గింది. గర్వపడదగ్గదే, కాని గంటకు 5 దాటితే జబ్బు, 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం అంటారు. నేను 14 అన్న మనిషికి నిజంగా 16 ఉండొచ్చు. పైగా రక్తంలో ఆక్సిజన్ ఎంత పడిపోయిందో నా కూత చెప్పలేదు. అది వేలి క్లిప్పు చెప్పాల్సిందే.