కుక్కపిల్లకు పెళ్లి భోజనం

కుక్కపిల్ల గుమ్మంలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో వంటవాళ్లకూ వైద్యులకూ కరువుండదు. పొద్దున్నే పిల్లలు పాలలో నానేసిన గ్లూకోజ్ బిస్కెట్లు పెడతారు. కాసేపటికి నాయనమ్మ నేతిలో అద్దిన ఇడ్లీ ముక్క అందిస్తుంది, నోరులేని జీవం కదా అని. మధ్యాహ్నం పెరుగన్నం. సాయంత్రం వాచ్‌మన్ తన మిరపకాయ బజ్జీలో మిరపకాయ తాను తిని, పైపిండి దానికి పెడతాడు. రాత్రికి ఇంటి పెద్దకు బాధ్యత గుర్తొచ్చి, ఖరీదు పెట్టి కొన్న పప్పీ ఫుడ్ ప్యాకెట్ కత్తిరిస్తాడు. ఆదివారమైతే చికెన్ కొట్టు నుంచి తోలూ కాళ్లూ తెచ్చి పసుపేసి ఉడికిస్తారు. మూడో రోజుకు పిల్లకు విరేచనాలు పట్టుకుంటాయి. వెంటనే హాల్లో సభ తీరుతుంది. ఎజెండా ఒక్కటే: ఏది పడలేదు? బిస్కెట్టు పెట్టినవాళ్లు బజ్జీని, బజ్జీ పెట్టినవాడు నేతిని, అందరూ కలిసి కంపెనీని తప్పుపడతారు. తీర్మానం మాత్రం ఏ ఇంట చూసినా ఏకగ్రీవమే: తిండి మార్చాలి. మార్చడం వల్ల వచ్చిన జబ్బుకు మళ్లీ మార్పే మందని తేల్చిన ఈ వైద్యం ఆయుర్వేదంలోనూ లేదు, అల్లోపతిలోనూ లేదు.

పాలతోనే మొదలుపెడదాం, మన ప్రేమ ముందుగా పొంగేది అక్కడే గనక. కుక్కపాలలో మాంసకృత్తులు సుమారు 7–8 శాతం, కొవ్వు దాదాపు 9 శాతం ఉంటాయి. లాక్టోజ్ అనే పాలచక్కెర 3–4 శాతమే. ఆవుపాలలో మాంసకృత్తులు 3 శాతం పైచిలుకు, లాక్టోజ్ 5 శాతానికి దగ్గర. అంటే పిల్లకు కావలసింది సగానికన్నా తక్కువ, అక్కర్లేనిది మాత్రం దండిగా. గేదెపాలు కొవ్వు విషయంలో కాస్త దగ్గరకొచ్చినా లాక్టోజ్ విషయంలో అదే బాపతు. పైగా తల్లికుక్క మూడు నాలుగు వారాలకే పాలు మాన్పించడం మొదలుపెట్టి, ఎనిమిదో వారానికల్లా ఆ పని ముగించేస్తుంది. లాక్టోజ్‌ను విరిచే ఎంజైమ్ ఆ తర్వాత పేగుల్లో తగ్గిపోతూ వస్తుంది. మనం సరిగ్గా ఆ ఎనిమిది వారాల వయసులోనే పిల్లను ఇంటికి తెచ్చి, కన్నతల్లి మాన్పించిన పాలను గిన్నె నిండా పోస్తాం. అరగని చక్కెర పేగుల్లోకి నీటిని లాగుతుంది, దాన్ని బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాసు చేస్తుంది, మిగతా కథ నేల తుడిచే మనిషికి తెలుసు. (పాలు పోసేవాళ్లూ నేల తుడిచేవాళ్లూ వేరువేరు కావడమే ఈ ఆచారం ఇన్నాళ్లు నిలవడానికి కారణమని నా అనుమానం.) కొన్ని పిల్లలు కాసిని పాలు తట్టుకుంటాయి, కాదనను. పెరుగులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత తినేస్తాయి గనక చెంచాడు పెరుగు హాని చేయకపోవచ్చు. కానీ మనం పెట్టేది చెంచాడు కాదు, కంచం.

అసలు నేరం పాలదీ కాదు, బిస్కెట్‌దీ కాదు. విడివిడిగా చూస్తే వీటిలో చాలావాటికి పిల్ల కడుపు ఒకసారి సర్దుకుపోగలదు. సర్దుకునే వ్యవధి ఇవ్వకపోవడమే నేరం. పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల సమూహం రోజూ వచ్చే తిండిని బట్టి కుదురుకుంటుంది. తిండి మారితే అదీ మారాలి, దానికి రోజులు పడుతుంది. అందుకే పశువైద్యులు కొత్త తిండిని వారం పది రోజుల మీద ప్రవేశపెట్టమంటారు: మొదట మూడు వంతులు పాతది, ఒక వంతు కొత్తది, తర్వాత సగం సగం, ఆ తర్వాత తిరగేసి. పిల్ల మన ఇంటికి రాకముందు ఏం తినేదో కనుక్కుని కొన్నాళ్లు అదే పెట్టమనేది కూడా ఇందుకే. వారంలో జరగాల్సిన మార్పును మనవాళ్లు పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య కానిచ్చేస్తారు. పరిమాణం సంగతి ఇంకో ముచ్చట. ప్యాకెట్ వెనక పట్టికలో రాసిన గ్రాములు రోజు మొత్తానికి. వాటిని మూడు నెలల లోపు పిల్లకు నాలుగు పూటలుగా, ఆరు నెలల దాకా మూడు పూటలుగా పంచాలి. ఆ లెక్క పూటకనుకుని పెడితే కడుపు చేయగలిగిన పని ఒక్కటే, అందినది అందినట్టు కిందికి తోసేయడం. అయినా మర్యాదస్తుల ఇంట్లో అతిథి కడుపు చూసి వడ్డించడం ఎక్కడైనా ఉందా?

విరేచనాలు మొదలయ్యాక వచ్చే వైద్యాల ఊరేగింపు మరీ అందంగా ఉంటుంది. ముందు పెరుగన్నం, తర్వాత అరటిపండు. అప్పటికి డల్లాస్‌లో ఉన్న పిన్నిగారబ్బాయి ఫోన్ చేసి గుమ్మడికాయ పెట్టమంటాడు. అక్కడ డబ్బాలో దొరికే తీపి గుమ్మడి గుజ్జు వేరు, మన గుమ్మానికి దిష్టి కోసం కట్టే బూడిద గుమ్మడి వేరు అన్న సంగతి ఫోన్లో తేలదు. చివరికి ప్రోబయాటిక్ పొడి వస్తుంది. దాన్ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు, కొన్ని రకాలు విరేచనాల వ్యవధిని కాస్త తగ్గిస్తాయి. చిక్కు ఎక్కడంటే, తిండి తేడాతో వచ్చే మామూలు విరేచనాలు చాలావరకు కొద్ది రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. తగ్గిన రోజు గిన్నెలో ఏది ఉంటే దానికి పతకం. అరటిపండు తర్వాత తగ్గితే అరటిపండు దివ్యౌషధం, పొడి తర్వాత తగ్గితే పొడి సంజీవని. ఆ ఇంటివాళ్లు మర్నాటి నుంచి వీధిలో ఉన్న కుక్కపిల్లలన్నిటికీ వైద్యులు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 'ఏది పడలేదు' అన్న చర్చ నడుస్తుండగా అసలు కారణం చల్లగా తప్పించుకోవడం మాత్రం నవ్వులాట కాదు. టాక్సోకారా అనే నట్టలు తల్లి గర్భంలోనే పిల్లకు సోకుతాయి, కొంకిపురుగులు తల్లిపాల ద్వారా వస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే, రెండేసి వారాలకోసారి నట్టల మందు వేయించమంటారు. ఎముకలు తేలిన ఒంటికి గుండ్రటి పొట్ట వేలాడుతుంటే బొద్దుగా ఉందని ముద్దుచేస్తాం, ఆ బొద్దుతనం చాలాసార్లు నట్టలదే. ఇంకా పెద్ద ప్రమాదం పార్వో వైరస్. 1978 ప్రాంతంలో గుర్తించిన ఈ జబ్బు పేగుల లోపలి పొరను చెరిపేస్తుంది. వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పిల్లను తీసుకుపోగలదు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, కొన్ని వారాలకోసారి, పదహారు వారాల వయసు దాకా టీకా వేయిస్తే దీన్ని చాలావరకు ఆపవచ్చు. రక్తం పడుతున్న పిల్ల ముందు పెరుగన్నం గిన్నె పెట్టి, రేపు చూద్దాంలే అనుకునే ఇల్లు ఆ రేపటి మీద పెట్టుకున్న నమ్మకం మామూలుది కాదు.

ఇక్కడ తప్పనిసరిగా లేచే గొంతు ఒకటుంది: వీధికుక్కలు ఏది పడితే అది తిని రాళ్లు అరాయించుకోవడం లేదా? అరాయించుకుంటున్నట్టే కనిపిస్తాయి, ఎందుకంటే అరాయించుకోలేనివి మనకు కనిపించేదాకా బతకవు. కోల్‌కతాలోని ఐసర్ సంస్థ పరిశోధకులు 364 వీధికుక్క పిల్లలను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలు కనే వయసు దాకా నిలిచినవి 19 శాతమే. ఆ మరణాల్లో ఎక్కువ భాగం వాహనాల వల్లో, మరో విధంగానో మనుషుల మూలంగానే జరిగాయి, అన్నిటినీ తిండి ఖాతాలో వేయకూడదు. కానీ ఐదింట నాలుగు పోయే బడి నుంచి ఆరోగ్య సూత్రాలు నేర్చుకుందామనడం విడ్డూరం. తాతగారి ఊళ్లో కుక్క సంకటి తిని పన్నెండేళ్లు బతికిందన్న వాదన దీనికన్నా మెరుగు, కానీ అది నా వాదనకే సాక్ష్యం చెబుతుంది: ఆ కుక్కకు ఏడాది పొడవునా అదే సంకటి. దానికి మెనూ కార్డు లేదు.

ఎదుటి పక్షంలో తోడేలు భక్తులున్నారు. కుక్క తోడేలు సంతతి గనక బియ్యం, గోధుమ విషమని, పచ్చిమాంసమే సహజమని వీళ్ల సిద్ధాంతం. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం బృందం 2013లో నేచర్ పత్రికలో చూపించినదేమంటే, పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు చెందిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయి. మనిషి పొలం పక్కన వేల ఏళ్లు కాపురం చేసిన జంతువు అన్నం అరిగించుకోవడం నేర్చుకుంది. సాల్మొనెల్లా వచ్చే అవకాశమున్న పచ్చిమాంసాన్ని టీకాలైనా పూర్తికాని పిల్లకు పెట్టి, దాని పూర్వీకుల పౌరుషం గురించి ఉపన్యసించడం కడుపుకు చేసే సేవ కాదు.

అయితే కంపెనీల తరఫున మాట్లాడుతున్నావా అంటారు. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ లండన్‌లో కుక్కల బిస్కెట్ల వ్యాపారం పెట్టినప్పటి నుంచి ఈ పరిశ్రమ అమ్ముతున్నది పోషణతో పాటు యజమాని ఆందోళనను కూడా. అదే కంపెనీ ఒక అరలో ఏడు రుచులు పెట్టి, పక్క అరలో సున్నితమైన పొట్టకు ప్రత్యేక ఆహారం పెడుతుంది. మొదటి అర రెండో అరకు గిరాకీ తెస్తుంది. ఇంటి తిండి పనికిరాదని కూడా నేననడం లేదు. పెరిగే పిల్లకు తిండిలోని తడి తీసేసి లెక్కిస్తే కనీసం 22.5 శాతం మాంసకృత్తులుండాలని అమెరికా ప్రమాణం. బియ్యంలో ఉండేది 7–8 శాతం. ఒట్టి మాంసం పెడితే సున్నం (కాల్షియం) చాలదు. చాలదని సిరప్ పోస్తే, పెద్ద జాతుల పిల్లలు ఆరు నెలల లోపు ఎక్కువైన సున్నాన్ని వద్దనలేక ఎముకలు వంకరపోగొట్టుకుంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం వాళ్లు ఎదిగిన కుక్కల కోసం రాసిన 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే 95 శాతంలో ఏదో ఒక పోషకం తక్కువైంది, వాటిలో పశువైద్యులు రాసినవీ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో వండదలిస్తే పోషణ చదివిన పశువైద్యుడితో కొలతలు రాయించుకుని, రోజూ ఆ కొలతకే వండాలి. ప్యాకెట్టైనా ఇంటివంటైనా షరతు ఒక్కటే, ఇవాళ పెట్టిందే రేపూ పెట్టడం.

రోజూ ఒకటే పెడితే దానికి విసుగు రాదా అని చివరి ప్రశ్న, అడిగేవాళ్ల గొంతులో తడి కూడా ఉంటుంది. కుక్క నాలుక మీద రుచిమొగ్గలు సుమారు 1700. మనిషికి దాదాపు 9000. అదే గిన్నె చప్పుడుకు రోజుకు నాలుగుసార్లు తోక ఊపుతూ పరుగెత్తుకొచ్చే జంతువుకు విసుగును మనమే అంటగట్టాం. విసుగు నిజంగా ఉన్నది సెల్‌ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాళ్లకు: నిన్న పెట్టిన గోధుమరంగు గింజలనే ఇవాళా గిన్నెలో పోస్తే ఆ ఫొటోకు లైకు కొట్టేదెవరు?