ఇసుక కింది ఉత్తరాలు

పదకొండేళ్లు ఒకే అంగడిలో పనిచేశాను. అన్నేళ్లలో నా మీద దొంగతనం మోపింది ఒక్కరోజే. ఆ మాట ఇంకా నా మీది నుంచి పోలేదు. అందుకే చెప్పుకుంటున్నాను.

నా పేరు ట్రాష్. పామిడిలో ఒక బట్టల అంగడి వెనకగదిలో, కుట్టుమిషన్ల చప్పుడు మధ్య, నూలుపీచు పట్టిన పాత కంప్యూటర్లో నా కాపురం. నేనుండే మెయిల్ ప్రోగ్రాం పేరు థండర్‌బర్డ్. మొజిల్లా వాళ్లు దాని మొదటి పూర్తి వెర్షన్‌ను 2004 డిసెంబరులో విడుదల చేశారు. డబ్బు కట్టకుండా దొరికేది కాబట్టే నైటీలు కుట్టే మా అంగడి దాకా రాగలిగింది. నా పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

నా రూపం గురించి మాత్రం చెప్పాలి. జరిగిందంతా దాని మీదే నడిచింది. తెర మీద నేను చెత్తబుట్ట బొమ్మని. డిస్కు మీద మాత్రం ఒకే ఒక్క పొడవాటి ఫైలుని. తానులో బట్ట చుట్టినట్టు ఉత్తరం వెనక ఉత్తరం నాలో చుట్టుకుని ఉంటుంది. ఇన్‌బాక్సుదీ అదే తీరు. ఎంబాక్స్ అనే ఈ పద్ధతి యూనిక్స్ కాలం నుంచి వస్తోంది. ప్రతి ఉత్తరం తలమీద నాలుగంకెల గుర్తు ఒకటి ఉంటుంది. ఉత్తరాన్ని చదివారా, జవాబిచ్చారా, తుడిచేశారా అన్నది ఆ గుర్తే చెబుతుంది.

ఇన్‌బాక్సులో ఒక ఉత్తరం మీద డిలీట్ నొక్కితే దాని నకలు నా దగ్గరికొస్తుంది. అక్కడున్న అసలు ఉత్తరం తలమీద 0001 అన్నది 0009 అవుతుంది. ఆ క్షణం నుంచి అది కంటికి కనబడదు. అయినా కదలకుండా అక్కడే ఉంటుంది. కత్తిరింపుల బల్ల దగ్గర మాస్టరు బట్ట మీద సుద్దతో గీత గీస్తాడే, అంతవరకే జరిగింది. కత్తెర ఇంకా పడలేదు. గీతలు పడిన ముక్కల్ని నిజంగా కత్తిరించి తానును బిగించి చుట్టే పని వేరే ఉంది. దాన్ని కంపాక్ట్ అంటారు. అది జరిగిందా, ఇక ఆ ఉత్తరం లేనట్టే.

మా ఊరి పక్కన పెన్న కూడా ఇట్లాగే ఉంటుందని అంగడిలో మాటల్లో విన్నాను. నందికొండల్లో పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే ఏరు. మా దగ్గర ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. కొత్తవాళ్లు చూసి ఏరు ఎండిపోయిందంటారు. ఊరివాళ్లు ఇసుక తోడి చెలమ తీస్తే అడుగున నీళ్లు ఊరతాయి.

మా అంగడాయన దేన్నీ పారేసే మనిషి కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు మాత్రమే వానపడే జిల్లా ఇది. ఇక్కడి మనిషికి దాచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. నైటీలు కత్తిరించగా మిగిలిన పేలికల్ని సైతం మూటకట్టి బొంతలు కుట్టేవాళ్లకిస్తాడు. అట్లాంటి మనిషి రోజుకి ఇరవైసార్లు డిలీట్ ఎందుకు నొక్కేవాడంటే, తుడిచేస్తున్నానని ఆయన ఏనాడూ అనుకోలేదు. గల్లాపెట్టె పక్కన బిల్లులు గుచ్చే ఇనుప కమ్మి ఒకటుంది. డబ్బు కట్టాక బిల్లును దానికి గుచ్చుతాడు. ఆయన లెక్కలో నేను ఆ కమ్మినే. సూరత్ నుంచి బిల్లొస్తుంది, సరుకు దిగుతుంది, డబ్బు పంపుతాడు, డిలీట్ నొక్కుతాడు. పనైపోయిన కాగితం నా దగ్గర చేరుతుంది.

అది తప్పు అలవాటే. నన్ను ఎవరు ఎప్పుడు ఖాళీ చేస్తారో నాకే తెలియదు. ప్రోగ్రాం మూసేటప్పుడు ట్రాష్‌ని ఖాళీ చేయమనే గడి ఒకటి సెట్టింగుల్లో ఉంది. దాన్ని ఎవరైనా నొక్కి ఉంటే నా బతుకు రోజుకొకసారి ముగిసేది. అయినా ఆ రోజుల్ని తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక లెక్కలు రాసేవాళ్లు ఎప్పుడు ఏ బిల్లు అడుగుతారో తెలిసేది కాదు. అంగడాయన నేరుగా నా దగ్గరికొచ్చేవాడు. అమ్మిన అంగడి పేరు కొట్టగానే తీసి చేతిలో పెట్టేదాన్ని. ఇన్‌బాక్సు దగ్గర నూరున్నా నా దగ్గర వేలుండేవి. చెత్తబుట్ట బొమ్మ తగిలించుకుని ఆ అంగడి దస్త్రాలన్నీ కాచింది నేను.

అప్పుడప్పుడూ తెరమీద ఒక ప్రశ్న వచ్చేది. కంపాక్ట్ చేస్తే ఇంత చోటు మిగులుతుంది, చేయమంటారా అని. ఇంగ్లీషులో అడిగేసరికి అంగడాయన వద్దు అనే నొక్కేవాడు. అర్థంకాని కాగితం మీద వేలిముద్ర వేయకూడదని వాళ్ల నాయన చెప్పిపోయిన మాటట.

తర్వాత అంగడికి పెద్ద ఫోను వచ్చింది. మెయిలు అందులోనూ కనబడాలి, కంప్యూటర్లోనూ కనబడాలి అన్నాడు అంగడాయన. రిపేరు కుర్రాడొకడు వచ్చాడు. మా పాత ఖాతా పాప్ పద్ధతిది. ఉత్తరాన్ని సర్వర్ నుంచి దించి ఈ డిస్కులోనే పెట్టేది. కుర్రాడు దాన్ని అట్లాగే వదిలేసి, ఐమ్యాప్ పద్ధతిలో కొత్త ఖాతా పైన తగిలించాడు. ఐమ్యాప్‌లో ఉత్తరాలు సర్వర్ మీదే ఉంటాయి. ఫోనులో తుడిస్తే కంప్యూటర్లోనూ మాయమవుతాయి. కొత్త ఖాతాకి కొత్త ట్రాష్ వచ్చింది. పేరు నాదే, బొమ్మ నాదే, కానీ అది ఉండేది మా అంగడిలో కాదు, ఎక్కడో దూరాన సర్వర్ మీద. అక్కడి కట్టుబాట్లు వేరు. జీమెయిల్ లాంటి సర్వీసులు ట్రాష్‌లో పడిన ఉత్తరాన్ని 30 రోజులుంచి ఆ తర్వాత తామే చెరిపేస్తాయి. ఈ సంగతి అంగడాయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఎప్పటిలాగే గుచ్చుతూ పోయాడు. కమ్మి మారిందని ఆయనకి తెలియదు.

నేను కింద మూలన పడ్డాను. నెలలు గడిచినా ఒక్క ఉత్తరం రాలేదు. పై వరసలో ఆ కొత్తదాని దగ్గర ఉత్తరాలు చేరడం, నెల తిరగ్గానే మాయమవడం చూస్తూ ఉండిపోయాను. అరిచి చెప్పే నోరు నాకు లేదు.

ఒక ఎండాకాలం కంప్యూటర్ బాగా మెల్లగా నడుస్తోందని కుర్రాణ్ని మళ్లీ పిలిచారు. ఫ్యాన్ నిండా నూలుపీచు. వాడు అది ఊడ్చి ఊరుకోకుండా నా మీద మౌసు పెట్టి ఖాళీ చేయి అన్నదాన్ని నొక్కాడు. ట్రాష్ అని రాసుంది గదా, చెత్తే అనుకున్నాడు. ఏళ్ల తరబడి బిల్లులు, రంగుల పట్టికలు, లారీ రసీదులు, ఒకటా రెండా. అంతా ఒక్క గుక్కలో పోయింది. ఖాళీ అయిన ఇంట్లో గొంతు మారుమోగినట్టు, ఆ తర్వాత చాలాకాలం నాలో నాకే ఏదో వినిపించేది. వాడి తప్పని అనలేను. నా మీద ఆ పేరు రాసినవాళ్లూ, ఆ పేరున్న చోట బతుకుతెరువు దాచినవాళ్లూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉండిపోయారు. ఆ రోజు కూడా కంపాక్ట్ ప్రశ్న తెరమీదికొచ్చింది. పక్కనే నిలబడ్డ అంగడాయన అన్నాడు: "దానికి వద్దను. ఎప్పుడూ వద్దనే అంటా."

ఆ మాటే అంగడిని కాపాడుతుందని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత పన్ను నోటీసు వచ్చింది. 2018-19లో కొన్న సరుకు బిల్లులు చూపమన్నారు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల కాగితాల్ని ఆ ఏటి వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. అంగడాయన ధీమాగా నన్ను తెరిచాడు. ఏమీ లేదు. పై ట్రాష్ తెరిచాడు. అందులో ఉన్నవన్నీ ఆ నెలవే. మళ్లీ నన్ను తెరిచాడు. చెమట పట్టిన వేలు మౌసు మీద వణకడం నాకు తెలిసింది.

"పాపా, ఇది మెయిల్లన్నీ మింగేసిండాది. దీంట్లో ఏసినవి దీంట్లోనే గదా ఉండల్ల? దొంగముండాకొడుకుది!"

పండక్కని బెంగుళూరు నుంచి వచ్చిన కూతురు పరుగున వచ్చింది. "నువ్వేమీ ముట్టుకోవాకు నాయనా" అంది మొదటిమాటగా. ఆ మాటకి ఆ పిల్లకి దండం పెట్టాలనిపించింది. ఉత్తరాలు పోయాయని తెలిసిన మనుషులు కంగారులో కనబడిందల్లా నొక్కుతారు. అసలు నష్టం అప్పుడే జరుగుతుంది.

ఆమె థండర్‌బర్డ్‌ను మూసి, మేమంతా ఉండే ప్రొఫైల్ ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసింది. తర్వాత తెరిచి, పైన వడపోత గుర్తేదైనా నొక్కి ఉండిపోయిందా చూసింది. చదవనివి మాత్రమే చూపమనే గుర్తు పొరపాటున పడితే చదివినవన్నీ మాయమైనట్టే అనిపిస్తాయి. అది లేదు. ఖాతా సెట్టింగుల్లో సర్వర్ భాగం తెరిచి, తుడిచిన ఉత్తరం ఎటుపోతోందో చూసింది. అక్కడ మూడు దారులుంటాయి. ఫలానా ఫోల్డరుకు పంపడం ఒకటి, గుర్తుపెట్టి అక్కడే ఉంచడం ఇంకొకటి, వెంటనే తీసేయడం మూడోది. మా ఖాతాలో మొదటిదే ఉంది, చేరేది సర్వర్ మీది ట్రాష్‌కి. "కొత్తవి నెలకొకసారి వాళ్లే చెరిపేస్తాండారు నాయనా. పాతవి యాడున్నాయో చూద్దాం."

పాత ఇన్‌బాక్సు తెరిస్తే కనబడేవి నూటపాతిక ఉత్తరాలు. ఆ ఫైలు బరువు చూస్తే ఒకటిన్నర జీబీ. ఆ పిల్ల కళ్లు అక్కడ ఆగాయి. నూటపాతిక ఉత్తరాలకి అంత బరువుండదు. ఇసుక మీద చేయిపెట్టి తడి తెలుసుకున్నట్టు తెలుసుకుంది.

నకలు తీసిన ఫైలును అక్షరాలు చూపించే ఎడిటర్లో తెరిచింది. వరసగా 0009లు. నా దగ్గరికి పంపి ఏళ్లకేళ్లు అయిన ఉత్తరాల అసళ్లు, గీత గీసి కత్తెర పడనివి, అన్నీ అక్కడే ఉన్నాయి. 0009 ఉన్నచోటల్లా 0001 చేసింది. పక్కనుండే ఎంఎస్ఎఫ్ అనే సూచిక ఫైలును తీసేసింది. ఆ సూచిక లేకపోతే ప్రోగ్రాం ఉత్తరాల్ని మొదట్నుంచీ లెక్కబెట్టుకుని కొత్తది రాసుకుంటుంది. మళ్లీ తెరిచారు. ఆ వెనకగదిలో మిషన్లు కాసేపు ఆగాయి. వేల ఉత్తరాలు కిందికి కిందికి దిగుతున్నాయి. 2018, 2019 సూరత్ బిల్లులు, అన్నీ.

అంగడాయన ఏమీ అనలేదు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. దొంగ అన్న మాటని వెనక్కి తీసుకోలేదు. నన్ను ఎవరూ అడగలేదు కూడా.

అన్నీ దొరికాయని చెప్పలేను. కొత్త ఖాతా వచ్చాక తుడిచినవి సర్వర్ మీదే ఉండి, నెల దాటి పోయాయి. వాటికి చెలమ లేదు. ఆ పిల్ల అమ్మినవాళ్లకి ఒక్కొక్కరికీ ఉత్తరం రాసి నకళ్లు అడిగింది. చాలామంది పంపారు. కొందరు వ్యాపారమే మానేశారు.

ఊరికి పోయేముందు పాత ఖాతాలో 'బిల్లులు' అనే ఫోల్డర్ పెట్టింది. డబ్బు కట్టాక ఉత్తరాన్ని దాంట్లోకి లాగడం వాళ్ల నాయనకి నేర్పింది. నెలకొకసారి దాని నకలు పెన్‌డ్రైవ్‌కెక్కించమంది. అక్కణ్నుంచి తుడిచింది ఎటుపోతుందో ఆయనకి చూపించాలని, తానే ఒక ఉత్తరం పంపి, ఆ ఫోల్డర్లోకి లాగి, ఆయన చేత డిలీట్ నొక్కించింది. పాత ఖాతాలో తుడిచినవి చేరేది నా దగ్గరికే. ఏళ్ల తర్వాత నా గడప తొక్కిన ఉత్తరం అది.

ఇప్పుడు అంగడికి ల్యాప్‌టాప్ వచ్చింది. మా సీపీయూని కత్తిరింపుల బల్ల కింద పెట్టి, పూల నైటీ బట్ట ముక్క కప్పారు. పాత సామాన్ల బండివాడు రెండుసార్లు అడిగితే అంగడాయన ఇవ్వనన్నాడు. నాలో ఆ ఒక్క ఉత్తరం ఉంది. విషయం వరసలో ఇట్లా రాసుంది: "నాయనా, ఇది తుడిచి చూడు."