ఉప్పు తేల్చే వియ్యాలవారు

పెళ్లి వంటలో ఉప్పు చూడటం ఒక బాధ్యత. వంటమేస్త్రీ గరిటె పైకెత్తి, పులుసు చుక్క ఒకటి అరచేతిలో వేసుకుని నాకుతాడు. చాలకపోతే వేస్తాడు, ఎక్కువైతే గుండిగను బంతి దాకా రానివ్వడు. ఫేస్‌బుక్ విందులో ఈ పనిని 2016 డిసెంబరు నుంచి బయటి సంస్థలకు అప్పగించారు. వాటిని నిజనిర్ధారణ సంస్థలు అంటారు. తెలుగు వంటకాలు చూడటానికి హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ లాంటివి ఉన్నాయి. అబద్ధమని తేలిన పోస్టు మీద చీటీ పడుతుంది, దాని వడ్డన తగ్గుతుంది. గుండిగ పారబోసే హక్కు మాత్రం ఈ సంస్థలకు ఎప్పుడూ లేదు.

2025 జనవరి 7న యజమాని మార్క్ జుకర్‌బర్గ్ అమెరికాలో ఈ కొలువును ఎత్తేస్తున్నట్టు ప్రకటించాడు. ఉప్పు చూసేవాళ్ల నాలుకలు రాజకీయంగా ఒక పక్కకు వంగిపోయాయని ఎనిమిదేళ్ల తర్వాత ఆయనకు తెలిసొచ్చింది. ఇక మీదట ఉప్పు సంగతి భోక్తలే తేల్చుకుంటారు. దీని పేరు కమ్యూనిటీ నోట్స్. ఎక్స్‌లో ముందే ఉంది. తెలుగులో వియ్యాలవారి పద్ధతి అంటే సులువుగా అర్థమవుతుంది.

పద్ధతి ఇది. భోక్తల్లో ఎవరైనా ‘ఉప్పెక్కువైంది’ అని చీటీ రాయవచ్చు. అది బంతిలో అందరికీ కనిపించాలంటే మామూలుగా ఒకరి మాట ఒకరికి గిట్టనివాళ్లు ఇద్దరూ ఔననాలి. అంటే మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ ఒక్క మాట మీదికి రావాలి. కాగితం మీద దీనికి వంక పెట్టలేం. కాకపోతే తెలుగు నేల మీద పులుసు విషయంలో వియ్యాలవారు ఏకీభవించిన దాఖలా ఇంతవరకు లేదు. మగపెళ్లివారికి మంచినీళ్లలోనూ ఉప్పెక్కువే. ఆడపెళ్లివారికి సముద్రం కూడా చప్పనే. పెద్దమనుషులను కూర్చోబెట్టి, మధ్యలో పెళ్లికొడుకు మేనత్త అలిగితే బతిమాలి తీసుకొచ్చి, చివరికి ‘కాస్త ఎక్కువే’ అని ఇరుపక్షాలూ ఒప్పుకునేసరికి అప్పగింతలు అయిపోతాయి. చీటీ అప్పుడు వెలువడుతుంది. ఎంగిలి విస్తళ్ల మీద అంటిస్తారు.

పాత పద్ధతిలోనూ ఒక మినహాయింపు ఉండేది. పదవిలో ఉన్న నాయకులు, ఎన్నికల్లో పోటీ చేసేవారు స్వయంగా చెప్పిన మాటలను కంపెనీ నిజనిర్ధారణకు అందకుండా పక్కన పెట్టింది. సాంబారు చూడవచ్చు, రసం చూడవచ్చు. పెళ్లిపెద్ద చేయించి తెచ్చిన పాయసం గిన్నె మూత మాత్రం ముట్టరాదు. మర్నాడు ఊరంతా చెంబులు పట్టుకుని పరుగెత్తేది ఎక్కువగా పాయసం వల్లేనన్నది వేరే సంగతి.

విందు నుంచి ఇళ్లకు వెళ్లే క్యారేజీని వాట్సాప్ అంటారు. అదీ ఈ కంపెనీదే. పంపినవారు, అందుకున్నవారు తప్ప దాని మూత ఎవరూ తీయలేరు. 2018లో భారతదేశంలో ఒకసారికి 5 ఇళ్లకు మించి పంపరాదన్నారు. 2020 ఏప్రిల్‌లో, బాగా తిరిగిన క్యారేజీ ఒకసారికి ఒక్క ఇంటికే అన్నారు. అలాంటిదాని మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. అది పాచి గుర్తు. తెలుగు గ్రూపుల్లో మాత్రం గిరాకీ గుర్తు. డల్లాస్ బాబాయి పంపాడంటే వాసన చూడటం కూడా మర్యాద కాదు. 2016 నవంబరులో కొత్త 2,000 రూపాయల నోటులో చిప్ ఉందనీ, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందనీ ఈ క్యారేజీల్లోనే ఇంటింటికీ చేరింది. కొన్ని టీవీ చానళ్లు నేతి చుక్క వేసి మరీ వడ్డించాయి. అలాంటిదేమీ లేదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2023 మేలో ఆ నోటునే వెనక్కి పిలిచారు. చిప్ మాత్రం కొందరి బుర్రల్లో ఇంకా పనిచేస్తోంది.

ఇంట్లో ఉప్పు చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేస్తే ఏ దేశానిదో, ఏ ఏటిదో చాలావరకు బయటపడుతుంది. పత్రిక క్లిప్పింగ్ అయితే ఆ రోజు ఈ-పేపరు తెరిస్తే సరి. నాయకుడి మాట ముక్కగా వచ్చిందంటే మొత్తం ప్రసంగం యూట్యూబ్‌లో ఉంటుంది. అన్నీ కలిపి నాలుగైదు నిమిషాలు. వంకాయను తిప్పి పుచ్చు చూసి, బెండకాయ కొన విరిచి గానీ సంచిలో వేయని జనానికి ఆ నాలుగైదు నిమిషాలు దొరకవు.

ఉప్పెక్కువైతే మజ్జిగ తాగి పడుకోవచ్చు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న ఫార్వర్డులు తెలంగాణ అంతా తిరుగుతుండగా, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక గుంపు భిక్షాటనకు వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఫార్వర్డులు పంపినవాళ్లు ఆమె మీద చెయ్యి వేయలేదు. అందుకే వాళ్లలో ఎవరికీ నిద్ర చెడలేదు. ఆ క్యారేజీలు మోసిన కంపెనీయే ఇప్పుడు, తిండిలో విషముందో లేదో చూసే మనిషిని తీసేసి, తినేవాళ్ల చేత ఓట్లు వేయిస్తానంటోంది. పైగా దానికి భావప్రకటనా స్వేచ్ఛ అని పేరు పెట్టింది. ఇది సిగ్గులేనితనం. నమ్మి ముందుకు తోసినవాడిదీ అంతకు తక్కువేమీ కాదు.

ఆ రోజుల్లోనే జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపారు. వియ్యాలవారి ఒప్పుదల కోసం ఆగలేదు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఆ ఫార్వర్డులు అబద్ధమని 400 ఊళ్లలో చెప్పించారు. ఆ ఊళ్లలో ఒక్క ప్రాణమూ పోలేదు.