పన్నెండు వోల్టులంటే చాలదు

నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని. జర్మనీలో వాసర్‌కుప్పె కొండ మీద, రెండు సీట్ల ఏఎస్‌కే 21 గ్లైడర్‌లో నా కాపురం. 1920లోనే గ్లైడర్ పోటీలు మొదలైన కొండ ఇది. ఇంజన్ లేని విమానానికి బ్యాటరీ ఎందుకంటారేమో. గాలి పైకి లేస్తోందో దిగుతోందో చెప్పే వేరియోమీటరు, రేడియో, దగ్గరికొచ్చే మరో గ్లైడర్‌ను పసిగట్టి హెచ్చరించే ఫ్లార్మ్, అన్నీ నా మీదే ఆధారపడి ఉన్నాయి.

నాకు ముందు ఇక్కడ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండేది. 7 ఆంపియర్ అవర్లకు దాదాపు రెండున్నర కిలోల బరువు. నేను అందులో సగం కూడా ఉండను. కొలతలు మాత్రం అవే, ప్లగ్గూ అదే. ప్రమాదమంతా ఆ పోలికలోనే ఉంది. హ్యాంగర్ గోడకు పాత ఛార్జర్ ఇంకా వేలాడుతోంది. దాని మీదా 12 వోల్టులనే రాసి ఉంది.

నా లోపల నాలుగు సెల్స్ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని హద్దు 3.65 వోల్టులు, మొత్తం 14.6. అక్కడికి చేరి నేను నిండగానే ఛార్జర్ ఆగిపోవాలి. లెడ్ యాసిడ్ ఛార్జర్లలో కొన్ని, పలకలకు పట్టిన సల్ఫేట్‌ను వదిలించడానికి 15 వోల్టులు దాటిస్తాయి. ఆ బ్యాటరీకి అది వైద్యం, నాకు దెబ్బ.

పోనీ, లిథియం ఛార్జర్ అని రాసి ఉంటే చాలా? చాలదు. ఫోన్లలో వాడే కోబాల్ట్ రకం సెల్ సాధారణంగా 4.2 వోల్టుల దాకా నిండుతుంది. అలాంటి నాలుగు సెల్స్ కోసం చేసిన ఛార్జర్ 16.8 వోల్టులిస్తుంది, నాకది మితిమీరిన మోతాదు. ఇంతకన్నా భయంకరమైన పొరపాటు ఇంకోటుంది. నా ఛార్జర్‌ను మూడు సెల్స్ లిథియం పాలిమర్ ప్యాక్‌కు తగిలిస్తే, ఒక్కో సెల్ మీద దాదాపు 4.87 వోల్టులు పడతాయి. అది మంటల దాకా వెళ్ళగలదు.

నాలో బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ ఉన్న మాట నిజమే. వోల్టేజి హద్దు మీరితే కరెంటును తెంచేస్తుంది. కానీ అది ఆఖరి అడ్డు. దాన్ని నమ్ముకుని రోజూ తప్పుడు ఛార్జర్ పెట్టేవాళ్ళంటే నాకు భయం. ఆ స్విచ్చూ ఏదో ఒకరోజు పాడైపోవచ్చు.

ఈ కొండ మీద చలికాలం ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. అప్పుడు ఛార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి ఇంకక, పైనే లోహంగా పేరుకుంటుంది. లోలోపల షార్ట్ సర్క్యూట్‌కు అదే దారి తీయవచ్చు. అందుకే నన్ను విప్పి తీసుకెళ్ళి, గదిలో వెచ్చబడనిచ్చాకే ఛార్జింగ్ పెట్టాలి.

మా రసాయనాన్ని గుడ్‌ఇనఫ్ అనే శాస్త్రవేత్త బృందం 1997లో ప్రకటించింది. ఫాస్ఫేట్ తన ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది కనుక కోబాల్ట్ రకం కన్నా మేం స్థిమితపరులం. అయినా నాలోని ఎలక్ట్రోలైట్ మండేదే. చాలా గ్లైడర్లలో మా చోటు పైలట్ వీపు వెనకే.

కాబట్టి గ్లైడర్ నడిపేవారికి నా మనవి. ఛార్జర్ కొనేముందు దాని మీద నా రసాయనం పేరు, 14.6కు మించని వోల్టేజి, నా తయారీదారు ఒప్పుకున్న కరెంటు, ఈ మూడూ చూడండి. పాత ఛార్జర్‌ను గోడ మీంచి దించేయండి, లేదా ప్లగ్గు మార్చేయండి. నన్ను ఛార్జింగ్‌లో వదిలేసి నిద్రపోకండి.