పిడి తిప్పేవాళ్లు

అండమాన్‌లో పిల్లలకి రంగు పెన్సిళ్ల డబ్బా కొనిస్తే ముందు అయిపోయేది నీలం, దాని వెనకే ఆకుపచ్చ. ఎటు చూసినా అవే కదా మరి! మా అమ్మాయి డబ్బాలో గోధుమ రంగు నిక్షేపంగా ఉంది, నీలం బొటనవేలంతయింది. అదంతా సముద్రంగా మారిందనుకునేరు! గీసింది పావు వంతు, మెండర్ మింగింది ముప్పావు.

మామూలు పెన్సిలు ముల్లు గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపి బట్టీలో కాల్చిన మొండి ఘటం. రంగు ముల్లుకి ఆ శిక్షణ లేదు. రంగుపొడిని మైనంతోనో నూనెతోనో ముద్ద చేసి ఆరబెడతారంతే. గారాబంగా పెరిగిన పిల్ల. మెండర్లో పెట్టి మెలితిప్పితే పుటుక్కున విరిగి కూర్చుంటుంది.

అందుకని పిడి తిప్పే షార్పనర్ కొందామన్నాను. ‘‘కరెంటుది కొనొచ్చుగా’’ అంది మా ఆవిడ. ఇక్కడి కరెంటు చాలామటుకు డీజిల్ జనరేటర్ల దయ. ఆ డీజిలూ సముద్రం దాటి రావలసిందే. పైగా డ్రాయింగు హోంవర్కు గుర్తొచ్చేదీ, కరెంటు పోయేదీ ఒకే ముహూర్తానికి.

అబర్డీన్ బజారులో అడిగితే ‘‘వచ్చే ఓడకి తెప్పిస్తా’’ అన్నారు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయ పురం అయింది గానీ, ఈ జవాబు మాత్రం మారలేదు. చాథమ్‌లో 1883 నుంచి రంపపు మిల్లున్న ఊరు మాది. పడౌక్ చెక్కతో మంచాలు చేయించుకుంటాం, పెన్సిలుకి మాత్రం అంత గట్టి చెక్క పనికిరాదు. దేశంలో పెన్సిలు పలకలకి పేరుపడింది కాశ్మీరులోని పుల్వామా, అక్కడి పోప్లర్ చెట్లు. మంచుకొండల చెట్టు ఇంతదూరం వచ్చి మా ఇంట్లో పొట్టుగా రాలుతుందన్నమాట.

కొనేటప్పుడు పైన అంటించిన ఏనుగు బొమ్మని కాదు, నోట్లోకి చూడండి. మెలికల గాళ్లున్న ఉక్కు రోలరు ఏటవాలుగా కనిపించాలి. పెన్సిలు కదలకుండా ఉంటుంది, రోలరే దాని చుట్టూ తిరుగుతూ గీరుతుంది. ముందు పలకని బయటికి లాగి, చెవులు నొక్కి పెన్సిలు దూరిస్తే, తిప్పేకొద్దీ స్ప్రింగే లోపలికి తోస్తుంది. మొన తేలాక పిడి ఒక్కసారిగా తేలికవుతుంది. చాలు, ఆపమని దానర్థం. మా ఇంట్లో దాన్ని ఖాతరు చేసిన పాపాన ఎవరూ పోలేదు. పెన్సిలుని పట్టుకునే పళ్లు ఒంటిమీద గాట్లు పెడతాయంటారు, ఖరీదైన పెన్సిళ్లవాళ్లు విలవిల్లాడతారట. మా అమ్మాయివి ముందే తను కొరికినవి గనక తేడా తెలియలేదు.

గాళ్లలో మైనం పేరుకుంటే ఓ మామూలు పెన్సిలు చెక్కాలి, చాలావరకు వదులుతుంది. తుప్పుకి మాత్రం అంత సులువైన మందు లేదు. మే నెలలో మొదలైన వాన డిసెంబరు దాకా పోనంటుంది, దానికి ఉప్పుగాలి తోడు. అందుకే మా షార్పనర్ సిలికా జెల్ పొట్లాలతో సహా బీరువాలో, పట్టుచీరల పక్కన కాపురం పెట్టింది.

మొన్న జంగ్లీఘాట్ నుంచి మా బావమరిది వచ్చాడు. కాఫీ చల్లారేలోగా డబ్బాలోని పెన్సిళ్లన్నీ సూదుల్లా చెక్కేశాడు. ‘‘ఏం గీస్తావురా వీటితో?’’ అన్నాను.

‘‘గీయడమేంటి బావా? ఇంకో డబ్బా ఉందా?’’ అన్నాడు.